మావయ్య బిళ్ళలు, అత్త చింతపండు

కొత్తవలస మావయ్య పోయాడని మొన్న పొద్దున్న ఫోను వచ్చింది. మా అమ్మకి తమ్ముడు. రైల్వేలో గార్డుగా రిటైరై, ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా, శ్రుతి తప్పి పాడేవాడు. ఇక ఆ పాట వినబడదంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

స్కాట్లండు సిపాయిల టోపీలు, వాటికి గుచ్చే పటాలం బిళ్ళలు పోగెయ్యడం ఆయన పిచ్చి. సెలవు దొరికితే కలకత్తా వెళ్ళి పాత సామాన్ల కొట్లన్నీ తిరిగేవాడు. వెనక రెండు రిబ్బన్లు వేలాడే నల్ల టోపీ, నడినెత్తిన ఎర్ర ఊలు బంతి ఉన్న గుండ్రటి టోపీ, ముళ్ళపువ్వు బిళ్ళ, మంట ఎగజిమ్మే బాంబు బిళ్ళ. ఆ బాంబుని చూసి అత్త, "ఏటిది, ఉల్లిపాయకి నిప్పెట్టినట్టున్నాది! బిళ్ళ బంట్రోతుకిచ్చి సేసేరు నన్ను" అనేది.

మొదటి టోపీ మాత్రం కొన్నది కాదు. మిషను ఆస్పత్రి దొరసాని దేశం వెళ్ళిపోతూ, యుద్ధంలో పోయిన తన తమ్ముడి టోపీని, తనకి వండిపెట్టిన మా అమ్మమ్మ చేతిలో పెట్టిందట. దానికి దుప్పి తల బిళ్ళ. మావయ్య దాన్ని నా చేతికిచ్చి, "మెల్లిగా పట్టుకోరా. దీని కింద ఓ బుర్ర ఉండీది. ఆ బుర్రకి నూనె రాసిన తల్లుండీది" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

పాత బిళ్ళకి పట్టిన నలుపుని తియ్యకూడదని ఆయన పట్టుదల. ఒక క్రిస్మస్ ముందు, ఆయన ఊళ్ళో లేనప్పుడు, అత్త ఇంట్లో ఇత్తడంతా తోముతూ, గోడకున్న బిళ్ళలు కూడా దించి చింతపండేసి తోమేసింది. నేనక్కడే ఉన్నాను. మావయ్య వచ్చి చూసి అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

"ఏటి సేసేవే!"

"కిలుం పడితే తోమొద్దా? ఇప్పుడు సూడు, నీ ముఖం కనబడతాది."

"నా ముఖం నాకెందుకే? ఇయ్యి పెట్టుకున్నోడి ముఖం పోయింది."

ఆ పండక్కి అత్త వండిన అరిసెలు ఆయన ముట్టుకోలేదు. పెట్టెలో ఉండబట్టి దుప్పి ఒక్కటే బతికింది. అప్పట్నించి సాయంత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో నిమురుతూ కూర్చునేవాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఇంటికి వెళ్ళాం. అత్త పెట్టె తీసింది. వంటింట్లో పులుసుకి నానేసిన చింతపండు గిన్నె అలాగే ఉంది. బిళ్ళని వెలుతురులోకి తిప్పింది. అంతా నలుపే. దుప్పి నుదురు మీద మాత్రం, వేలు ఆనేంత మేర, మెరుస్తోంది.

"తోమీమంటావేటే అత్తా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"వద్దురా," అంది. "తోమితే ఈయన ముఖం పోతాది."

ఆ మెరుపు మీద తన బొటనవేలు ఆనించి అలాగే కూర్చుంది.