గుడ్ల సాలీడుకు గది

ఫిబ్రవరి, ఆదివారం సాయంత్రం. శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకారుల ఇల్లు. ఉన్నవారు: ఆతిథ్యమిచ్చిన అప్పన్న, అతని భార్య బంగారమ్మ, సాలీళ్లను పరిశీలించడానికి అనంతపురం నుంచి వెళ్లిన నేను, నా గది గోడమీద అరచేతంత సాలీడు.

సాలెగూడు ఎక్కడా లేదు, కాళ్లు పీతలా పక్కలకు చాచింది. వేటసాలీడే! మా ఎండనేలల్లోది ఇసుక రంగు, ఇది గోధుమ రంగు. రెండూ ఒకే జాతా కాదా అన్నది కళ్ల వరుసలు దగ్గరగా చూస్తేగానీ తేలదు. దాన్ని పట్టడానికి సీసా తీశాను.

"ఆగండి బాబూ! దాని పొట్టకింద తెల్లగా గుడ్లసంచి ఉన్నాది, సూడండి," అంది బంగారమ్మ.

"చూసి వదిలేస్తానమ్మా."

"గుడ్లున్న పీత వల్లో పడితేనే మేం సముద్రంలో వదిలేత్తాం. ఇంట్లో ఉన్నదాన్ని సీసాలో పెడతారేటి?"

"ఈ రాత్రికి గది దానిదే బాబూ," అని నవ్వుతూ అప్పన్న నా మంచం అరుగు మీదకు మార్చాడు.

మర్నాడు ఉదయం బంగారమ్మ గదిలోకి తొంగిచూసి, "ఉన్నాదిలే" అనుకుని, ఆ తర్వాతే నాకు టీ ఇచ్చింది.