ఎర్ర లైటు ఆరిందా

మా మావయ్య పోయి నేటికి పదమూడు రోజులు. ఆ రోజు పొద్దున అరుగు మీద టీ తాగుతూ ఒరిగిపోతే నా వ్యానులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. దారిలోనే ప్రాణం పోయిందన్నారు. శ్రీకాకుళంలో లారీలకూ ఆటోలకూ వైరింగు చేసిన మిస్త్రీగా ఆయన చాలామందికి తెలుసు. నాకు మాత్రం మా ఆయన తండ్రి, నా గురువు.

మా ఆయన నడుం దెబ్బతిని మంచం పట్టినప్పుడు, పొందూరు రోడ్డులో జనాన్ని తిప్పే మా వ్యాను అమ్మేయమన్నారు బంధువులు. మాకున్న ఆధారం అదొక్కటే. మావయ్య అందరి మాటా విని, "అమ్మడమేటి? కోడలు నడుపుతాది," అన్నారు. నాకప్పటికి స్కూటరు కూడా రాదు.

నడపడం నేర్చుకున్నాను గానీ, రెండో నెలలో నిండు వ్యానుతో నాగావళి వంతెన మీద ఇంజిన్ ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్లీ లేవలేదు. వెనక బస్సువాళ్లు తిట్టని తిట్టు లేదు. బ్యాటరీ పోయిందని నేనే తేల్చేసి కొత్తది వేయించాను. వారం తిరక్కుండా అదీ పడుకుంది. ఇక నా వల్ల కాదని తాళాలు మావయ్య ముందు పెట్టి ఏడ్చాను.

"బండి నడుస్తన్నప్పుడు ఎర్ర లైటు ఎలుగుతన్నాదా?" అని అడిగారు.

"రోజంతా చక్కగా వెలుగుతోంది మావా," అన్నాను. స్టీరింగు ముందు దేవుడి బొమ్మ పక్కనే ఉంటుంది ఆ లైటు. వెలగడం మంచిదే అనుకున్నాను, నా తెలివి అంత.

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత నన్ను ఇంజిన్ దగ్గరికి తీసుకెళ్లి బెల్టు బొటనవేలితో నొక్కారు. అది వదులుగా ఊగింది. ఆల్టర్నేటర్‌ని ఆయన చివరిదాకా డైనమో అనే అన్నారు.

"సూడమ్మా, బండిని లేపడానికే బ్యాటరీ. లేసినాక ఈ బెల్టు డైనమోని తిప్పుతాది. అప్పుడు లైట్లకీ హారన్‌కీ కరెంటు అదే ఇస్తాది, బ్యాటరీలో తగ్గిందీ అదే నింపుతాది. నిండుతుంటే ఎర్ర లైటు ఆరిపోతాది. నింపేవోళ్లు లేకపోతే బ్యాటరీ ఒక్కర్తే ఎంతకని లాగుతాది?"

బెల్టు బిగించారు. ఆ మర్నాటి నుంచి మంచం మీదున్న మా ఆయన స్నానం, అన్నం మావయ్యే చూసుకున్నారు. సాయంత్రం నేను దిగేసరికి వేడన్నం వడ్డించి, "ముందు కూకో, తిను," అనేవారు. కన్నతండ్రి కూడా నన్ను అంతగా కనిపెట్టుకుని ఉండలేదు.

రోజూ పొద్దున వ్యాను స్టార్టు చేయగానే అరుగు మీంచి అడిగేవారు: "ఎర్ర లైటు ఆరిందేటమ్మా?"

మా అత్తకి ఒళ్లు మండేది. దీపం కొండెక్కిందనాలి గానీ ఆరిందని అనకూడదంటుంది ఆవిడ. "పొద్దున్నే ఆరిందా ఆరిందా అని, అదేటి నోరు?" అని కసిరేది.

"ఇది ఆరితేనే మనకి అన్నం," అనేవారు మావయ్య.

ఆయన పోయిన చోట పెట్టిన దీపాన్ని పన్నెండు రోజులూ అత్త కంటికి రెప్పలా కాచింది. ఈ పొద్దున నేను వ్యాను తీశాను. ఇన్నాళ్లు ఊరికే ఉన్న బ్యాటరీ కాస్త మూలిగింది, ఇంజిన్ లేచింది. ఎర్ర లైటు పోయింది. అలవాటుగా అరుగు వైపు చూశాను.

మావయ్య కూర్చునే చోట అత్త నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అనకూడదనే ఆ మాట నెమ్మదిగా అడిగింది.

"ఆరిందేటే?"