వంతెన దగ్గర ఓడిన రాజు

బహ్రెయిన్‌లో, గుదైబియాలోని మా గదిలో ఒక రాజు కోసం తలకాయలు పగలగొట్టుకునేంత పనయింది. ఆ రాజు చచ్చి నాలుగు వందల ఏళ్లు. నవ్వకండి. కళ్లారా చూసినవాణ్ణి, పైగా నిప్పు అంటించినవాణ్ణి నేనే.

తొంభైల్లో మా కంపెనీకి పాత పోర్చుగీసు కోట దగ్గర కంచె వేసే పని దొరికింది. మా మీద ఒక గోవా సూపర్‌వైజర్ ఉండేవాడు, కబుర్ల మనిషి. ఆ కోటను ఏలినవాళ్ల దేశంలో ఒక ముసలి రాజు పిల్లల్లేకుండా పోయాడని ఆయనే చెప్పాడు. ఆ రాజు మతగురువు కూడా, పెళ్లీ పెటాకులూ లేవు. గద్దె కోసం ఇద్దరు లేచారు. ఒకడు రాజుగారి అన్న కొడుకు. తల్లికి సరిగా పెళ్లి కాలేదని పెద్దలు ఒప్పుకోలేదు గానీ జనం మాత్రం వాడే మా రాజన్నారు. రెండోవాడు పక్కదేశపు రాజు. సైన్యమూ వాడిదే, పెద్దల అండా వాడిదే. ఒక వంతెన దగ్గర జరిగిన యుద్ధంలో అన్న కొడుకు ఓడిపోయాడు. ఆ తర్వాత ఆ దేశం పక్కరాజు తగాదాల్లో ఇరుక్కుని, కొన్నేళ్లకే బహ్రెయిన్ కోటను కూడా పోగొట్టుకుంది. “ఆ ఒక్కడు గెలిచి ఉంటేనా!” అని సూపర్‌వైజర్ సొంత ఆస్తి పోయినట్టు వగచేవాడు.

నన్ను ఆ ‘ఉంటేనా’ పట్టుకుంది. మా గదిలో శుక్రవారం అన్నాలయ్యాక కథ చెప్పే పని నాది. మిగతావాళ్లు ఊకొట్టాలి, ఊకొట్టనివాడు గిన్నెలు తోమాలి. నా కథలో వంతెన కూలింది. పక్కరాజు గుర్రాలు ఏట్లో కొట్టుకుపోయాయి. అన్న కొడుకు గద్దెక్కాడు, కోట మీది జెండా దిగనే లేదు. “అట్లయితే మన కఫీల్ గూడ పోర్చుగీసోడే అవుతుండె!” అని, మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానిని తలుచుకుని ఒకడంటే గదంతా ఒకటే నవ్వు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. మా గదిపెద్ద, కరీంనగర్ వైపు మేస్త్రీ, ఇంక ఖలాస్, ఇంటికి పోతున్నానన్నాడు. కిరాయి కాగితం ఎవరి పేరున ఉంటే గదిలో వాడిదే మాట. ఎవరుండాలో, ఎవరు పోవాలో వాడే చెప్తాడు. ఆ కాగితానికి ఇద్దరు తేలారు. ఒకడు పెద్దాయన సొంత అన్న కొడుకు, మెత్తటివాడు, అందరికీ తమ్ముడు. ఇంకొకాయన హైదరాబాద్ డ్రైవర్ భాయ్. అరబ్బీ గడగడా మాట్లాడతాడు, బిల్డింగ్ ఓనర్‌కు ఆయన మీద గురి. మాట మాత్రం కటువు.

వీళ్లిద్దరి మధ్య నలిగిపోయినవాడు వేరే ఉన్నాడు. కఫీల్ బాధ పడలేక పారిపోయి వచ్చిన నిజామాబాద్ అన్న. వీసా లేదు, పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది. అలాంటివాళ్లను అక్కడ ఖల్లీవల్లీ అంటారు. పెద్దాయన దయతో తలుపు పక్కన చాప వేసుకుని ఉండేవాడు. పోలీసులకు దొరికితే జైలే.

“వీణ్ణి పెట్టుకుంటె అందరం పోతం. గది నా పేరు మీదికొస్తే ఈయన ఈడ ఉండడు” అని భాయ్ అతని మొహం మీదే అన్నాడు. “అన్న యాడికి పోడు, మనోడే” అన్నాడు అన్న కొడుకు. ఇంకేం, గది రెండు ముక్కలైంది.

పెద్దాయన తెలివైనవాడు. “నేనెవరి పేరు చెప్ప. శుక్రారం అందరు కూసొని తేల్చుకోండ్రి” అని చేతులు దులుపుకున్నాడు.

ఆ వారం అన్నం ఎలా దిగిందో దేవుడికే తెలియాలి. గరిటె కాస్త గట్టిగా చప్పుడైతే చాలు, తలలు లేచేవి. ఒకరోజు ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. తిట్లు మాత్రం నా కథలోవే, భాయ్‌ని పక్కరాజును చేశారు. “పక్కరాజుకు గులాంగాళ్లు!” అని ఒకడు. “అరే, నీ రాజుకు కత్తి పట్టుడన్న వస్తదారా?” అని ఇంకొకడు. మెట్ల మీద బూట్ల చప్పుడైతే నిజామాబాద్ అన్న బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకునేవాడు.

శుక్రవారం అన్నాలయ్యాయి. భాయ్ నా వైపు తిరిగాడు. “తమ్మీ, కసం తిని చెప్పు. నిజంగ ఎవరు గెలిచిండ్రు?”

అందరూ నన్నే చూస్తున్నారు.

“పక్కరాజే గెలిచిండు భాయ్” అన్నాను. “అందుకే కోట పోయింది.”

ఆ ఒక్క మాటతో పని అయిపోయింది. పక్కరాజు వస్తే మన గదీ పోతుందనుకుని, ఊగిసలాడుతున్నవాళ్లంతా అన్న కొడుకు పేరే చెప్పారు. నేనైతే యుద్ధం గెలిచినంత గర్వపడ్డాను.

పెద్దాయన విమానం ఎక్కాడు, కాగితం పేరు మారింది. తర్వాతి శుక్రవారం పొద్దున కింద కెఫెటీరియావాడు పరుగున వచ్చి, పక్క బిల్డింగ్‌లో పోలీసుల చెకింగ్ జరుగుతోందని చెప్పాడు. మా కొత్త పెద్ద తలుపు పక్క చాప దగ్గరికి పరుగెత్తాడు.

“అన్నా, కాగితం నా పేరు మీదున్నది. నువ్వు పోవాలె. ఇప్పుడే.”

“యాడికి తమ్మీ?”

“నాకేమెర్క? పో అన్నా, నీ కాల్మొక్త!”

నాకు ఒళ్లు మండిపోయింది. “నీయవ్వ, గిందుకేనారా నిన్ను గద్దెక్కించింది!” అని అరిచాను. వాడు ఏడుస్తూనే ఉన్నాడు, తలుపు మాత్రం తెరిచి పట్టుకున్నాడు. నిజామాబాద్ అన్న సంచీ భుజానికెత్తుకుని నా ముందు ఆగాడు.

“తమ్మీ, నీ కథల ఆ రాజు గెలిచినంక ఏం జేసిండు?”

గద్దె ఎక్కించేదాకానే నా కథ. ఆ తర్వాత సంగతి నేను అనుకోనూ లేదు, ఒక్కడూ అడగనూ లేదు.

భాయ్ లేచి బండి తాళాలు తీసుకున్నాడు. “నడువు. ముహర్రక్‌ల మా బావ కాడ ఉందువు. రేపు ఎంబసీకి తోల్కపోత, ఇంటికి పోయే కాగితం ఇప్పిస్త. నెల నుంచి అడుగుతున్న వాళ్లను.” గుమ్మం దాటబోతూ మా అందరి వైపూ తిరిగాడు.

“నేను గూడ పొమ్మనేటోణ్ణే. గని జాగ చూసినంకనే పొమ్మందును.”