పక్కింటి అక్కకు నేను చెప్పిన కాఫీపొడి

నా చిన్నప్పుడు నల్గొండలో మా వీధికి చాయ్ తప్ప వేరే దేవుడు లేడు. అలాంటి వీధిలో, మా పక్కింట్లోకి, కాఫీ తాగే అక్క ఒకామె కిరాయికి దిగింది. బడిలో పంతులమ్మ, ఒంటరి మనిషి. వచ్చిన రోజే నన్ను పిలిచి, "తమ్మీ, గీడ మంచి కాఫీపొడి యాడ దొరుకుతది?" అని అడిగింది.

అప్పటికి నా నాలుక కాఫీ చుక్క ఎరగదు. అయినా మూలమీది దుకాణం చూపించి, అక్కడి గింజలు ఏనుగుల మీద దిగుతాయనీ, చికోరీ వేరుపొడి నలుసంత కూడా కలపరనీ, ఆ వాసనకు మంచంపట్టిన ముసలివాళ్లు లేచి పరుగెత్తుతారనీ వర్ణించాను. గిరాకీని పంపిన ప్రతిసారీ ఆ దుకాణదారు నాకొక పల్లీపట్టీ ఇచ్చేవాడు మరి. అక్క ఆ సాయంత్రమే పొడి తెచ్చుకుంది. నా పట్టీ నాకు ముట్టింది.

తెల్లవారి ఆమె కడుపు పట్టుకుని రిక్షా ఎక్కింది. తాళంచెవి మా తాతయ్య చేతికిచ్చి, "దవాఖానకు పోయొస్త, జర ఇల్లు చూడుండ్రి" అన్నది. నా గుండె చప్పుడు గడియారం చౌరస్తా దాకా వినబడిందని ఇప్పటికీ నా నమ్మకం. నా చేతుల మీదుగా ఒక మనిషి చచ్చిపోతోంది. పోలీసులు వస్తారు, ఒక్కరు కాదు, లారీడు. మంచం కింద దూరాను.

ముందురోజు అరుగుమీద కూర్చుని నా వర్ణనంతా విన్న తాతయ్య వంగి చూశాడు. "ఏందిరా, ఆడ గుడ్లు పెడుతున్నవా? ఇవతలికి రా." అక్క ఇంట్లోంచి పొట్లం తెచ్చి, గ్లాసెడు చల్లటి నీళ్లు నా ముందు పెట్టాడు. "నిజం చెప్పి కొనిపిస్తే పొడి తేలుతది. అబద్ధమైతే మునుగుతది. సూద్దాం పట్టు."

చిటికెడు వేశాడు. పొడి గోధుమరంగు దారాలు విడుస్తూ నేరుగా అడుక్కి బయలుదేరింది. అది అడుగు చేరేలోపు పల్లీపట్టీలతో సహా అన్నీ కక్కేశాను. తాతయ్య తిట్టలేదు, కొట్టలేదు. అక్క వచ్చేదాకా ఆమె గడప దగ్గర కూర్చోబెట్టాడు. ఆ రెండు గంటల్లో నేను ముసలివాణ్ని అయిపోయాను.

అక్క మందుసీసాతో దిగింది. ఏడుస్తూ అంతా చెప్పాను.

"నిన్న బడిల పచ్చి మామిడికాయలు మస్తు తిన్న, దాంతోనే నొప్పి. గా పొడి ఇంక తాగనే లేదు. వాసన చూసి పక్కకు పెట్టిన," అంది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అంతలోనే ఆమె, "నువ్వు తాగినవా ఎన్నడన్న?" అని అడిగింది.

"లేదక్కా."

"మరి నాకెట్ల చెప్పినవ్ రా?"



అసలైన గింజపొడి నీళ్లమీద కాసేపు తేలుతుందనీ, చికోరీ వెంటనే మునుగుతుందనీ ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు. ఇప్పుడు కాఫీ మిత్రులు మంచి పొడి ఎక్కడని నన్నే అడుగుతారు. కళ్లముందే గింజ పొడిచేసి ఇచ్చి, చికోరీ ఎంత కలిపాడో అడగకుండానే చెప్పేవాడి దగ్గర కొద్దికొద్దిగా కొనమంటాను. నెలరోజులు నేను తాగితే గానీ ఏ దుకాణమూ చూపించను. చూపించాక కూడా, మరునాడు పొద్దున్నే ఫోన్ చేసి, "పానం మంచిగున్నదా?" అని అడిగేదాకా నా కప్పు నా గొంతు దిగదు.