టేపు మాస్టారు తొడుక్కున్న కోటు

అదేనండీ, మీరూ ఇలాంటి మనిషిని చూసే ఉంటారు. పెళ్లికి వెళ్తే పెళ్లికొడుకు మొహం చూడడు, కోటు భుజాలు చూస్తాడు. బస్సెక్కితే ముందు సీట్లో వాడి కాలరు చూసి పెదవి విరుస్తాడు. వీధంతా ఆయన్ని టేపు మాస్టారు అనేవారు. మెడలో టేపు లేకుండా అన్నానికి కూడా కూర్చునేవాడు కాదు మరి.

ఆయన కొట్టు మెట్ల కింద గది. ఒక కుట్టు మిషను, గోడ పొడవునా కత్తిరించే బల్ల, దాని కుడి చివర ఎత్తలేనంత బరువున్న ఇస్త్రీ పెట్టె. మగవాళ్ల బట్టలు తప్ప ఇంకేమీ కుట్టడు. తన చొక్కాలు తనే కుట్టుకుంటాడు. ఇంకొకరి చేత కొలతలు తీయించుకోవడం నామోషీ. పడుచుతనంలో అట్ట మీద గీసుకున్న కొలతతోనే ఇప్పటికీ కత్తిరిస్తాడు. ఆ చొక్కాలు ఒక పక్క పైకి లేస్తాయి, ఇంకో పక్క జారతాయి. "పాడు గుడ్డ, ఉతికితే సాగిపోయింది" అని గుడ్డని తిడతాడు.

ఆయన దగ్గర పని నేర్చుకుంది ఒక్కతే, అక్క కూతురు. చిన్నప్పుడు బల్ల కింద కూర్చుని గుడ్డ ముక్కలు ఏరుకునేది. పెద్దయ్యాక బట్టల డిజైనింగు చదివింది. అందరి పనికీ వంకలు పెట్టే మావయ్య చేత ఒక్కసారి "బాగుంది" అనిపించుకోవాలని ఆ పిల్లకి మహా ఆశ. చదువుకునే రోజుల్లో ఓసారి, "కదలకుండా నిలబడు మావయ్యా, కొలతలు తీయడం అలవాటు చేసుకుంటా" అని ఆయన ఒళ్లంతా కొలిచింది.

అంకెలు చూసి ఆయన పకపకా నవ్వాడు. "ఏమే, నా భుజాలు రెండూ రెండు రకాలా? టేపు జారింది. మళ్లీ పట్టు."

"జారలేదు మావయ్యా."

"నాకే చెప్తున్నావా?"

పిల్ల ఆ అంకెలనే పుస్తకంలో రాసుకుంది.

ఇన్నాళ్లకి ఆ పిల్ల మొదటి ప్రదర్శన. ఇంకొందరితో కలిసి పెట్టింది. అన్నీ మగవాళ్ల బట్టలే, ఎవరూ ఎరగని కొత్త పోకడలవి. పొద్దున్నే ఫోన్ చేసింది. "మావయ్యా, నీ డబ్బాలో నల్ల కొమ్ము గుండీ ఒకటి ఉందిగా, పట్టుకురా. ఒక కోటుకి ఆఖరి గుండీ వదిలేశాను. అది నువ్వే కుట్టాలి."

"ఏ కోటే?"

"వస్తే నీకే తెలుస్తుంది."

గుండీ జేబులో వేసుకుని బయల్దేరాడు. తెల్లగోడల హాలు, తలల్లేని బొమ్మలు, వాటికి తొడిగిన బట్టలు. మేనకోడలు ఎక్కడా కనపడలేదు. మోకాలి దగ్గర జిప్పున్న ప్యాంటు చూసి, "మోకాలికి గాలాడదా పాపం" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. ఇక ఆయన్ని పట్టేదెవరు? బూడిద రంగు కోటు ముందు ఆగేసరికి చుట్టూ చిన్న గుంపే చేరింది.

"చూడండి బాబూ, ఎడమ భుజం ఎలా వాలిపోయిందో. కుడి చెయ్యి వేలెడు పొడుగు. వీపు మీద ఈ ఉబ్బేంటి, లోపల మూట పెట్టుకుంటాడా? ముందు అంచు ఒక పక్క నేల చూస్తోంది, ఇంకో పక్క సూరీడికి దణ్ణం పెడుతోంది!"

"అది కొత్త ఫ్యాషను అంకుల్!"

"ఏం ఫ్యాషనయ్యా! కొలవడం రాక తప్పు కుట్టి, ఆ ముక్క చెప్పుకోలేక ఫ్యాషనన్నారు. ఏ గూనివాడికి కుట్టారో!"

హాలంతా ఘొల్లుమంది. ఆయన ఇంకా రెచ్చిపోయాడు. "ఇదిగో, గుండీలు కూడా పూర్తిగా కుట్టలేదు. ఆఖరిది చూశారూ, ఉత్త..."

చెయ్యి జేబులోకి పోయింది. కొమ్ము గుండీ వేళ్లకి చల్లగా తగిలింది.

వెనక్కి తిరిగితే మేనకోడలు. రెండు చేతుల్లో రెండు టీ కప్పులు. ఒకటి ఆయన కోసం. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో ఆ మొహమే చెబుతోంది.

కప్పులు పక్కన పెట్టి, బొమ్మ ఒంటి మీంచి కోటు విప్పింది. "చెయ్యి పెట్టు మావయ్యా."

తొడుక్కున్నాడు. భుజం దగ్గర లాగలేదు, వీపు దగ్గర పట్టలేదు. బల్ల మీదకి ఒంగీ ఒంగీ గూని పట్టిన వీపు, ఇస్త్రీ పెట్టె మోసీ మోసీ సాగిన కుడి చెయ్యి, వాలిపోయిన ఎడమ భుజం, అన్నీ కోటులో ఒదిగిపోయాయి. గోడకున్న నిలువుటద్దంలో కోటు అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఊళ్లోవాళ్లందరినీ కొలిచినవాడు, తన ఒంటిని ఇప్పుడే చూస్తున్నాడు.

"అంకుల్, మీకే కుట్టినట్టుందే!" అన్నాడు ఇందాక నవ్విన కుర్రాడు, మెచ్చుకోలుగా. ఆ మెచ్చుకోలుకి ఆయనకి తల కొట్టేసినట్టయింది.

మేనకోడలు ఆయన నోటికేసే చూస్తోంది. ఒక్క మాట. ఊళ్లోవాళ్ల బట్టలకి అన్నన్ని మాటలు పుట్టే నోట్లో ఆ ఒక్కటీ పుట్టలేదు. కోటు విప్పి చేతికిచ్చాడు.

"నల్ల దారం తేలేదమ్మా. ఇప్పుడే తెస్తా."

"దారం నా దగ్గర..." అనబోయి, ఆయన మొహం చూసి ఆగింది. "సరే మావయ్యా. తొందరగా రా."

వీధి చివర కొట్లో దారం కొన్నాడు. అక్కడి బీరువా అద్దంలో ఒక పక్కకి లేచిన తన చొక్కా కనపడింది. చేత్తో కిందికి లాక్కున్నాడు. మళ్లీ లేచింది. ఈసారి గుడ్డని తిట్టలేదు.

హాలు దాకా వెళ్లాడు. లోపల ఎవరో నవ్వడం వినపడింది. దేనికి నవ్వారో ఏమో, ఆయన కాళ్లు మాత్రం గుమ్మం దాటలేదు. ఇంటికొచ్చేశాడు.

దారమూ గుండీ రెండూ జేబులోనే ఉండిపోయాయి. ప్రదర్శన అయ్యేదాకా ఆ కోటుకి ఆఖరి గుండీ లేదు. ఇంకెవరైనా కుడతామంటే ఆ పిల్ల ఒప్పుకోలేదట.