పెంచలయ్య పథ్యం

1962 ఎండాకాలంలో, మైపాడు దారిలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉమెన్ అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. హోదాలో సర్జన్ అని ఉన్నా, నేను కోసింది సెగ్గడ్డలే. తక్కినదంతా కాన్పులు, సూదులు. మందు ఎవరికిచ్చినా "పథ్యమేందమ్మా?" అని అడగందే లేచేవారు కాదు. పథ్యం లేనిది వాళ్ల దృష్టిలో మందే కాదు. "ఏమీ లేదు, అన్నీ తినొచ్చు" అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయేది.

ఒకరోజు రమణమ్మ అనే రైతు ఇల్లాలు వచ్చింది. యాభైకి దగ్గర. గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని మొదలుపెట్టింది.

"బయట చేరేది నిలిచిపోయి ఏడాదయిందమ్మా. ఒంట్లో ఒకటే సెగలు. ఆయన పక్కకొస్తే లేచి పోదామనిపిస్తా ఉండాది. మంచోడే, నాకిష్టమే. ఆ ఇష్టం మనసులో ఉండాది, ఒంట్లో లేదు. మళ్లీ తెప్పించు తల్లీ, ఆయన మొహం చూళ్లేకపోతున్నా."

అప్పటికి నాకు పెళ్లి కాలేదు. కాలేజీలో ముట్లుడగడం గురించి అరపేజీ చెప్పారు, కోరిక ఊసు ఆ అరపేజీలోనూ లేదు. పరీక్ష చేశాను. లోపల తడి ఆరిపోయి కలయికలో నొప్పి పుడుతోంది, ఆ నొప్పికి జడిసి కోరిక పోయింది. కొబ్బరినూనె వాడమన్నాను. సూది లేందే కదలనంటే బి-కాంప్లెక్స్ వేశాను.

"మరి పథ్యం?"

ఈసారి లేదనబుద్ధి కాలేదు. "నీకేమీ లేదు. మీ ఆయనకు ఉంది. చుట్ట మానాలి. సాయంత్రం స్నానం చెయ్యాలి. నీళ్లు తనే తోడాలి. నువ్వు పిలిచేదాకా ఎదురుగా కూర్చుని కబుర్లే చెప్పాలి. పదిహేను రోజులు" అన్నాను.

మర్నాడే ఆమె భర్త పెంచలయ్య ఊగిపోతూ వచ్చాడు. "మందు దానికి, పథ్యం నాకా? యాడన్నా ఉండాదా ఈ చోద్యం?"

కాపురం ఇద్దరిదీ కదా అన్నాను. గొణుక్కుంటూ వెళ్లాడు.

గడువు తీరాక ఇద్దరూ కలిసి వచ్చారు. రమణమ్మ ముఖం చూస్తే అడగనక్కర్లేదు. అయినా అడిగాను, ఉద్యోగధర్మం.

"నేనే పిల్చినాలేమ్మా" అని కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నాకూ ఎంత సంతోషమైందో!

పథ్యం అయిపోయింది, ఇక చుట్ట కాల్చుకోవచ్చని పెంచలయ్యకు చెప్పాను. మనిషి బెదిరిపోయాడు.

"వద్దమ్మా! పథ్యం మానేస్తే గుణం పోతాదేమో. ఇంకో ఏడాదికి రాసియ్యమ్మా!"

రాసిచ్చాను. సర్వీసంతా ఈ బాధతో వచ్చిన స్త్రీలందరికీ ఇదే వైద్యం చేశాను. నేను నేర్చుకున్నది ఇంతే: నూనె భార్యకివ్వాలి, పథ్యం భర్తకు పెట్టాలి. సూది ఐచ్ఛికం.