పొట్టి కాడల టిచ్ బటన్లు

మొన్న మనవరాలి తోలుసంచి మూతకున్న టిచ్ బటన్ ఊడి చేతిలోకి వచ్చింది. "కొత్త సంచేనమ్మమ్మా, అప్పుడే ఊడింది" అంది. అందుకుని చూశాను. తోలులోంచి దూరి గుండీని పట్టి ఉంచే కాడ పొట్టిది. అంతే, యాభై ఏళ్ళనాటి కోపం మళ్ళీ పొంగుకొచ్చింది. ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరుగారు చెప్పారు గానీ, ఆయన మా బావగారిని చూడలేదు.

బావగారంటే మా ఆయనకు అన్నగారు. డెబ్బైల్లో బెజవాడలో ఏలూరు కాలువ పక్కన ఆయనకు తోలు వస్తువుల దుకాణం ఉండేది. మా ఆయన అందులోనే కుట్టుపని చేసేవారు. నేను పామర్రులో మా నాన్న పక్కన కూర్చుని తోలుపని నేర్చుకున్నదాన్ని. ఆ దుకాణంలో పనిపీట ముందు నాకూ ఇంత చోటు దొరుకుతుందన్న ఆశతోనే కాపురానికి వచ్చాను. బావగారు నా చేతికిచ్చింది తోలుకి మెరుగు పెట్టే మైనం ముద్ద, ఒక గుడ్డపేలిక. గుండీలు కొట్టడం మగవాళ్ళ పనిట. ఆయన కొడుతుంటే చూడాలి! మూడు చిన్న దెబ్బల్లో అయ్యే పనికి ఒక్కటే పెద్ద దెబ్బ వేసి, కాడ వంకరపోయినా పట్టించుకోకుండా మీసం దువ్వుకునేవారు.

మా చర్చిలో ఆ ఏడు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకి ఇవ్వడానికి పాస్టరుగారు తోలు బైబిలు కవర్లు చేయమన్నారు. మూత దగ్గర తోలు రెండు పొరలు. బావగారు అద్దంలా మెరిసే గుండీలు ఏరారు, కాడలు మాత్రం పొట్టివి. ఉండబట్టలేక అన్నాను: "బావగారూ, రెండు పొరలకి ఈ కాడ చాలదండీ. తోలు దాటి బియ్యపుగింజ మందం పైకి రావాలండీ, అప్పుడే దెబ్బకి అణిగి పట్టుకుంటుంది. పైగా పాటల పుస్తకం కూడా అందులోనే పెడతారు కదండీ."

"పామర్రు నుంచి పాఠాలు మోసుకొచ్చావా? నీ మైనం నువ్వు రుద్దుకో అమ్మాయ్!" అన్నారు. కొలత బైబిలొక్కదానికే తీశారు. బైబిలుతో పాటు పాటల పుస్తకం పట్టుకెళ్ళని ఇల్లు మా సంఘంలో లేదు. బావగారు మాత్రం ఉత్త చేతులతో వచ్చి ఆఖరి బెంచీలో కునుకు తీసే మనిషి, ఆయనకేం తెలుస్తుంది?

ఆదివారం అందరూ కొత్త కవర్లలో రెండు పుస్తకాలూ కూరి, గట్టిగా నొక్కి మూశారు. ప్రార్థన మధ్యలో టప్పుమని ఒకటి, ఆ వెనకే ఇంకోటి ఊడాయి. ఒక గుండీ దొర్లుకుంటూ పాస్టరుగారి కాళ్ళ దగ్గరికి చేరింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ సంబరం గుమ్మం దాకానే. అక్కడ పాస్టరుగారు అడిగితే బావగారు రెప్ప వేయకుండా, "గుండీలు మా మరదలు కొట్టిందండీ. సరదా పడితే ఇచ్చాను" అన్నారు. అందరూ నన్నే చూశారు. మా ఆయన చెప్పులకేసి చూసుకుంటూ నిలబడ్డారు. కొత్త కోడలినని నోరు మూసుకున్నాను. ఆ పిరికితనానికి నన్ను కూడా నేను క్షమించుకోలేదు.

మర్నాడు ఎవర్నీ అడక్కుండా పీట ముందు కూర్చుని, గుండీలన్నీ పీకి, పొడుగు కాడలవి వేశాను. మళ్ళీ ఒక్కటీ ఊడలేదు. పాస్టరుగారు మెచ్చుకుంటే, "నేనే దగ్గరుండి సరిచేశానండీ" అన్నారు బావగారు. ఆ తర్వాత దుకాణం మూసేదాకా నన్ను సుత్తి ముట్టుకోనివ్వలేదు. ముట్టుకుంటే ఏమవుతుందో ఊరంతా చూసిందిగా అనేవారు!

చాలా ఏళ్ళకి, చేతులు వణికే రోజుల్లో, ఆయన తన బైబిలు కవరు పట్టుకుని మా ఇంటికొచ్చారు. "గుండీ వదులైందమ్మా, కాస్త కొట్టిపెట్టు. నీ చెయ్యి మంచిది" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. "ఆనాడు చర్చిలో ఊడిన గుండీలు కొట్టిందెవరండీ బావగారూ?" అని అడిగేశాను. ఆయన తెల్లముఖం వేసి, "ఏ గుండీలమ్మా?" అన్నారు. నటన కాదు, నిజంగానే గుర్తులేదు. కొన్నాళ్ళు పోతే మరుపు అదే వస్తుందని మా ఆయన నన్ను ఓదారుస్తూ ఉండేవారు. వచ్చింది, ఆయన అన్నగారికి.